కుయ్ కుయ్ వినపడితే ఎటు తప్పుకోవాలి?

ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటా. 2012 ఏప్రిల్లో నల్లపాడు దగ్గర నేనొక అంబులెన్సుకి అడ్డం పడ్డాను. కావాలని కాదు. దారి ఇద్దామని ప్రయత్నించే అడ్డం పడ్డాను. అసలు సంగతంతా అక్కడే ఉంది.

అప్పటికి నేను న్యూజెర్సీలో రెండేళ్ళు ఆన్‌సైట్‌లో ఉండి తిరిగొచ్చి మూడు నెలలైంది. గుంటూరులో రైలు దిగిన మా బాబాయిని కార్లో ఎక్కించుకుని నరసరావుపేట రోడ్డు మీదుగా నల్లపాడు బయల్దేరాను. ఏప్రిల్లో ఆ రోడ్డు ఎలా ఉంటుందో గుంటూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. ఆ రోజుల్లో యార్డుకి మిరపకాయ పోటెత్తుతుంది. టిక్కీలు (మిర్చి బస్తాల్ని మా వైపు అలాగే అంటారు) ఆకాశమంత ఎత్తు పేర్చిన లారీలు, ట్రాక్టర్లు, వాటి మధ్యలోంచి దూరే షేరాటోలు, పాలిటెక్నిక్ కుర్రాళ్ళ బైకులు. ఘాటుకి దగ్గు రాకుండా కారు అద్దాలన్నీ ఎక్కించుకుని పోవాల్సిందే.

వెనక నుంచి సైరన్. అద్దంలో చూస్తే 108 బండి. నా చెయ్యి నా ప్రమేయం లేకుండానే స్టీరింగుని కుడికి తిప్పేసింది. రెండేళ్ళు అమెరికాలో చేసింది అదే కదా మరి. సైరన్ వినపడితే కుడికి లాగి ఆపెయ్యడం! సరిగ్గా అదే క్షణంలో అంబులెన్సు నన్ను దాటడానికి కుడికే వచ్చింది. ఎదురుగా ఒక లారీ. ఎడమ వైపు నేను ఖాళీ చేసిన జాగాలోకి ఒక ఆటో దూరిపోయింది. ఇంకేముంది, అందరం ఎక్కడివాళ్ళం అక్కడే. అంబులెన్సులోంచి ఒకతను తల బయటపెట్టి "ఎడమకి సార్, ఎడమకి" అని అరుస్తున్నాడు. ఆటో ముందుకి జరిగి, నేను కాస్త వెనక్కి తీసి, మళ్ళీ ఎడమకి తిప్పేసరికి ఓ రెండు నిమిషాలు గడిచిపోయాయి.

బండి వెళ్ళిపోయాక నా తప్పు కప్పిపుచ్చుకోడానికి "ఖాళీ బండేలే బాబాయ్, లోపల ఎవరూ ఉన్నట్టు లేరు" అన్నాను. మా బాబాయి ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయినవాడు. వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, "గుంటూరు నుంచి బయటికి పోతా ఉంది కదరా. ఖాళీగానే పోద్ది. ఎక్కించుకోవాల్సినవాడు అక్కడెక్కడో రోడ్డు మీద పడి ఉన్నాడు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ రెండు నిమిషాలు ఎవరివో, ఆ మనిషి ఏమయ్యాడో నాకు ఈ రోజుకీ తెలీదు.

తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నేను చదువుకున్నవాణ్ణే, లైసెన్సు ఉన్నవాణ్ణే, మంచి ఉద్దేశంతోనే ఉన్నా. ఆ ఆటో అతనూ చెడ్డవాడేం కాదు. దారి దొరికితే దూరడం అతని వృత్తిధర్మం. మరెందుకిలా జరిగింది? ఈ ప్రశ్న పట్టుకుని మన రోడ్ల మీద సైరన్ చరిత్ర కాస్త తవ్వి చూశాను. నాకు తేలింది ఏంటంటే, ఎవరికి దారివ్వాలో మనకి చెప్పారు. ఎలా ఇవ్వాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

ముందు చట్టం సంగతి చూద్దాం.

మన దేశంలో మోటారు వాహనాల చట్టాలు మూడు తరాలు. 1914లో ఒకటి, 1939లో ఒకటి, ఇప్పుడు నడుస్తున్న 1988 చట్టం. ఈ మూడోది 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాంతో పాటే రోడ్డు మీద ఎలా మసలుకోవాలో చెప్పే నిబంధనలు కూడా వచ్చాయి. అందులో 10వది మన విషయం గురించే. ఫైరింజను గానీ అంబులెన్సు గానీ వస్తుంటే ప్రతి డ్రైవరూ రోడ్డు పక్కకి జరిగి దానికి అడ్డులేని దారి ఇవ్వాలి. అంతే. ఒక్క వాక్యం. ఏ పక్కకి, ఆగాలా, నెమ్మదిగా పోతే చాలా, రెడ్ లైట్ దగ్గర ఉంటే ఏం చెయ్యాలి, ఇవేవీ లేవు. పాటించకపోతే సాధారణ జరిమానా సెక్షను వర్తించేది. మొదటిసారి 100 రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 300 దాకా.

తమాషా ఏంటంటే, ఆ నిబంధన వచ్చిన 1989లో మా నల్లపాడు రోడ్డు మీద అంబులెన్సు కనపడటమే అరుదు. గుంటూరు పెద్దాసుపత్రికి పల్నాడు నుంచి రోగులు వచ్చే ముఖ్యమైన దారుల్లో ఇదొకటి. అటు నరసరావుపేట, ఫిరంగిపురం నుంచీ, ఇటు సత్తెనపల్లి నుంచీ వచ్చే రోడ్లు పేరేచర్ల దగ్గర కలిసి నల్లపాడు మీదుగా ఊళ్ళోకొస్తాయి. ఆ రోజుల్లో రోగి ఎలా వచ్చేవాడు? ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరుచుకుని. పత్తి లోడు దింపి తిరిగొస్తున్న లారీలో. ఆటోలో ఇద్దరి ఒళ్ళో అడ్డంగా పడుకుని. కాస్త కలిగినవాళ్ళయితే అంబాసిడర్ అద్దెకి మాట్లాడుకుని. అలా వచ్చే బండికి సైరనుండదు. హెడ్‌లైట్లు వేసి, ఆపకుండా హారన్ కొడుతూ, కిటికీలోంచి ఒకడు తెల్ల తువ్వాలు ఊపుతూ ఉండేవాడు. మన సొంత సైరన్ అదే. చూసినవాళ్ళకి అర్థమయ్యేది, తప్పుకునేవాళ్ళు. కాదంటే బండి నెమ్మదిగా పోయేది, రోడ్డు మీద బళ్ళూ తక్కువుండేవి.

మరి అసలు సైరన్ అనేది మనం ఎక్కడ విన్నాం? రెండు చోట్ల. ఒకటి ఫైరింజను. పత్తి మిల్లులూ మిర్చి గోడౌన్లూ ఉన్న ఊరు కాబట్టి ఎండాకాలంలో గుంటూరుకి దాని గంట కొత్తేం కాదు. అయితే రోజూ వినే చప్పుడు కాదది. రెండోది, ఎక్కువగా విన్నది, మంత్రిగారి కాన్వాయ్. మా తరం వాళ్ళకి చిన్నప్పుడు సైరన్ అంటే "ఎవరో పెద్దాయన వస్తున్నాడు" అని అర్థం. ముందే పోలీసులు వచ్చి లాఠీ చూపించి రోడ్డు ఖాళీ చేయించేవాళ్ళు. మనం చెయ్యాల్సిందల్లా విసుక్కుంటూ నిలబడటం.

ఇది చిన్న విషయంలా కనపడుతుంది గానీ ఇక్కడే మనకి రెండు దురలవాట్లు అబ్బాయని నా అనుమానం. మొదటిది, సైరన్ వస్తే దారి చెయ్యడం పోలీసుల పని, మన పని కాదు అనే భావన. రెండోది, సైరన్ అంటే ఎవరిదో దర్జా, మనకెందుకు అనే మంట. అధికారానికి దారిచ్చేవాడు బలవంతం మీద ఇస్తాడు. పోలీసు లేడంటే ఇవ్వడు. ఆ కాన్వాయ్ వెళ్ళగానే దాని తోక పట్టుకుని సందులో దూసుకుపోయే తెలివితేటలు కూడా మనం అక్కడే నేర్చుకున్నాం!

ఎర్రబుగ్గల పిచ్చి ఎంత ముదిరిందంటే 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకుని ఎర్రలైటు పెద్ద రాజ్యాంగ పదవుల్లో ఉన్నవాళ్ళకే పరిమితం చెయ్యాలని చెప్పాల్సి వచ్చింది. చివరికి 2017 మే 1 నుంచి కేంద్రం దాన్ని వీఐపీలందరి బండ్ల మీద నుంచీ తీసేయించింది. ఈ లైట్ల సంగతి చెప్పేది కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఎన్నో నియమమో తెలుసా? 108వది. కావాలని పెట్టింది కాదు, కాకతాళీయమే. కానీ మన కథకి ఇంతకంటే సరిపోయే నంబరు ఇంకోటి లేదు.

ఎందుకంటే మన దగ్గర సైరన్‌కి అర్థం మార్చిందే 108.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 సర్వీసు మొదలైంది. నడిపింది ఈఎంఆర్ఐ అనే సంస్థ, దాని వెనక ఉన్నది సత్యం రామలింగరాజు కుటుంబం. ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని, మొదట్లో ఖర్చులో చాలా భాగం వాళ్ళే పెట్టుకుని మొదలుపెట్టారు. తర్వాత అది రాష్ట్రమంతా పాకింది, ఖర్చులో ఎక్కువ వాటా ప్రభుత్వమే భరించసాగింది. మన ఐటీ వాళ్ళకి ఇందులో ఆసక్తికరమైన విషయం దాని ఆర్కిటెక్చరు. ఒకే నంబరు, ఒకే కేంద్రం. ఫోనెత్తినవాళ్ళు ఎక్కడ, ఏమైంది అని రాసుకుంటారు. ఇంకొకరు దగ్గర్లో ఉన్న బండిని పంపుతారు. అవసరమైతే ఆ కేంద్రంలో కూర్చున్న డాక్టరు బండిలో ఉన్న టెక్నీషియన్‌కి ఫోన్లోనే ఏం చెయ్యాలో చెప్తాడు. పసిగట్టడం, చేరుకోవడం, సంరక్షించడం... ఈ మూడు దశల్నీ ఒక ప్రాసెస్ లాగా డిజైన్ చేశారు. బండి నడిపేవాణ్ణి డ్రైవరు అనకుండా పైలట్ అన్నారు. కాల్ సెంటర్లు నడపడం తెలిసినవాళ్ళు దాన్ని ప్రాణాలు కాపాడ్డానికి వాడారన్నమాట.

అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఎన్నికల సభల్లో చెయ్యి తిప్పుతూ "కుయ్ కుయ్ కుయ్" అంటూ 108 బండి శబ్దాన్ని అనుకరించడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయన రాజకీయాలు నచ్చినా నచ్చకపోయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. అంతవరకూ మంత్రుల ముందు నడిచిన సైరన్‌ని ఒక ముఖ్యమంత్రి స్టేజీ ఎక్కి కూలివాడి ఇంటి ముందుకొచ్చే చప్పుడుగా పరిచయం చేశాడు. మా నల్లపాడులో చిన్నపిల్లలు కూడా ఆటల్లో "కుయ్ కుయ్" అంటూ పరిగెత్తేవాళ్ళు. ఒక శబ్దానికి అర్థం అలా మారిపోవడం చాలా పెద్ద విషయం.

తర్వాతి కథ ఐటీలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం. ఆ రోజు ఆఫీసులో ఎవరూ పని చెయ్యలేదు, అందరం స్క్రీన్ మీద షేరు ధర పడిపోవడం చూస్తూ కూర్చున్నాం. సత్యంలో ఉన్న స్నేహితుల ఉద్యోగాల గురించి భయపడ్డాం. 108 ఏమవుతుందో అని ఆలోచించినవాళ్ళు తక్కువ. అయితే బళ్ళు ఆగలేదు. అదే ఏడాది జీవీకే సంస్థ దాన్ని తీసుకుంది. ఈ లోపే ఆ నమూనా 2007లో గుజరాత్‌కి, 2008లో తమిళనాడుకి వెళ్ళింది. మన దగ్గర పుట్టి దేశమంతా వాడుకున్న వాటిల్లో 108 ఒకటని గర్వంగా చెప్పుకోవచ్చు. కట్టినవాడి లెక్కలు తప్పని తేలినా, కట్టింది మాత్రం నిలబడింది.

ఆ తర్వాత ఆంధ్రాలో నిర్వహించే సంస్థలు మారాయి, బళ్ళు పాతబడ్డాయి, కొత్తవొచ్చాయి. 2020 జులై 1న విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 108, 104 సర్వీసులవి కలిపి 1,088 వాహనాలు ఒకేసారి బయల్దేరడం టీవీల్లో చూసే ఉంటారు. బండ్లు లెక్కపెట్టుకోవచ్చు, జెండా ఊపొచ్చు, ఫోటో తీసుకోవచ్చు. ఏ ప్రభుత్వమైనా చేసేది అదే, చెయ్యాల్సిందే. కానీ నా ప్రశ్న ఇంకోటి. ఆ బండ్ల ముందున్న లక్షల మంది డ్రైవర్లకి ఎవరేం నేర్పారు?

మన ఎల్ఎల్ఆర్ పరీక్షే తీసుకోండి. ఆర్టీయే ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అడిగే ప్రశ్నల్లో ఒకటి చాలా ప్రసిద్ధం. కింది వాటిలో వేటికి అడ్డులేని దారి ఇవ్వాలి? పోలీసు వాహనాలకా, అంబులెన్సు - ఫైరింజన్లకా, ఎక్స్‌ప్రెస్ బస్సులకా? రెండోది నొక్కితే మార్కు వస్తుంది. నేనూ నొక్కాను, నాకూ వచ్చింది. మీరూ అంతే. అది "ఎవరికి" అన్న ప్రశ్న. "ఎలా" అన్నదానికి జవాబు చెప్పకుండానే మనందరి చేతిలో లైసెన్సు పడింది. మన భాషలో చెప్పాలంటే ఇంటరప్ట్ వస్తుందని డాక్యుమెంటులో రాశారు గానీ దానికి హ్యాండ్లర్ రాయలేదు. ఇంటరప్ట్ వచ్చినప్పుడు ఒక్కో బండీ తనకి తోచింది చేస్తుంది. ఒకడు కుడికి, ఒకడు ఎడమకి, ఒకడు ఉన్నచోటే సడెన్ బ్రేకు, ఒకడు స్పీడు పెంచి "ముందు నేను పోతే దారి దొరుకుద్ది" అని పరుగు. అందరిదీ మంచి ఉద్దేశమే. కలిపితే జామ్.

పైగా శబ్దం విలువ కూడా మనమే తగ్గించాం. రకరకాల స్వరాలు పలికే హారన్లు మామూలు బండ్లకి ఉండకూడదని నియమం ఉంది. అంబులెన్సు, ఫైరు, పోలీసు లాంటివాటికే మినహాయింపు. కానీ మన రోడ్ల మీద పాటలు పాడే ఎయిర్ హారన్లు లేని ప్రైవేటు బస్సు, టిప్పరు ఎన్ని చూశారు? పది బండ్లు పది రాగాలు తీస్తుంటే పదకొండోది ప్రాణం మీదకొచ్చిందని ఎలా తెలుస్తుంది? అద్దాలెక్కించి, ఏసీ వేసి, పాటలు పెట్టుకున్న నాలాంటి వాడికి అసలు వినపడటమే వెనక బంపర్ దగ్గరికొచ్చాక.

కొంచెం బయటి ప్రపంచం కూడా చూద్దాం. అత్యవసరానికి ఒకే నంబరు అన్న ఆలోచన లండన్‌లో పుట్టింది. 1935 నవంబరులో వింపోల్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు తగలబడి ఐదుగురు స్త్రీలు చనిపోయారు. ఫైరువాళ్ళకి ఫోన్ చేసిన పొరుగాయన్ని టెలిఫోన్ ఎక్స్‌చేంజి వరసలో ఉంచింది. దాని మీద గొడవై, 1937 జూన్ 30న 999 మొదలైంది. అమెరికాలో 911తో మొదటి కాల్ 1968 ఫిబ్రవరి 16న, అలబామాలో హేలీవిల్ అనే చిన్న ఊళ్ళో. మనకి 2005. అంటే లండన్ కంటే 68 ఏళ్ళు వెనక. వాళ్ళకి మూడు తరాల అలవాటుంది. మనకి ఇంకా ఒక తరం పూర్తి కాలేదు. ఈ మాట మనల్ని వెనకేసుకు రావడానికి అనడంలేదు. న్యూజెర్సీలో జనం సైరన్ వినగానే కుడికి ఒరిగి ఆగిపోవడం చూసి "వీళ్ళ సంస్కారమే వేరు" అనుకునేవాణ్ణి. ఇప్పుడలా అనుకోవడం లేదు. అది సంస్కారం కాదు, డ్రిల్లు. స్పష్టంగా చెప్పారు, పరీక్షలో అడిగారు, తప్పితే టికెట్ ఇచ్చారు. చివరికి ఆలోచించక్కర్లేకుండా చెయ్యే చేసేస్తుంది. ఎంతగా అంటే, మనం దేశం మారి ఎడమ పక్క రోడ్డు మీదకొచ్చినా అది కుడికే తిప్పుతుంది!

జర్మనీవాళ్ళది ఇంకా వివరం. హైవే మీద ట్రాఫిక్ నెమ్మదించిన వెంటనే, సైరన్ వినపడకముందే, ఎడమ చివరి వరసలో వాళ్ళు ఎడమకి, మిగతా వరసలవాళ్ళంతా కుడికి జరిగి మధ్యలో ఒక సందు వదలాలి. దాని పేరు "రెటుంగ్స్‌గాసె", అంటే ప్రాణాలు కాపాడే సందు. 2016 చివర్లో ఆ నియమాన్ని మళ్ళీ స్పష్టంగా రాసి, మరుసటి ఏడు జరిమానాలు పెంచారు. వాళ్ళు కూడా పుట్టుకతో బుద్ధిమంతులు కారు, జనం పాటించట్లేదనే పెంచారు. తేడా ఎక్కడంటే, జరిమానా కంటే ముందు "ఎలా" అన్నది రాసిపెట్టారు.

మనం తిరగేశాం. 2017లో పాత నిబంధనల స్థానంలో కొత్త డ్రైవింగ్ నిబంధనలొచ్చాయి. అత్యవసర వాహనం రెడ్ లైటు దాటొచ్చు, వేగ పరిమితి మించొచ్చు, కాకపోతే జాగ్రత్తగా, బాధ్యతతో అన్నారు. 2019 సవరణలో 194-ఇ సెక్షను చేర్చారు. అంబులెన్సుకి, ఫైరింజనుకి పక్కకి జరగకపోతే 10,000 రూపాయలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలు. వంద రూపాయల నుంచి పదివేలకి, వంద రెట్లు! తప్పని అనను. కానీ మనం జరిమానాని వంద రెట్లు పెంచి, నేర్పడాన్ని ఒక్క రెట్టు కూడా పెంచలేదు. నల్లపాడులో ఆ రోజు నా మీద పదివేలు వేసినా నా చెయ్యి కుడికే తిరిగేది.

మనకి చేతకాదా అంటే, చేతనవుతుంది. 2016లో గుంటూరు పెద్దాసుపత్రిలో గుండె మార్పిడి ఆపరేషన్ చేశారు. ప్రభుత్వాసుపత్రిలో అలాంటిది జరగడం మా ఊరికి పెద్ద పండగే. ఇలాంటి అవయవాల్ని తీసుకెళ్ళేటప్పుడు పోలీసులు గ్రీన్ చానల్ పెడతారు. కూడలికో మనిషి, సిగ్నళ్ళన్నీ పచ్చ, గంట పట్టే దూరం నిమిషాల్లో. హైదరాబాదులో 2021 ఫిబ్రవరి 2న నాగోలు నుంచి జూబిలీహిల్స్‌కి గుండెని ఏకంగా మెట్రో రైల్లో తీసుకెళ్ళారు. వార్త చదివి చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నా. తర్వాత ఆలోచిస్తే కాస్త దిగులేసింది. గుండెని రైలెక్కించడం అంటే మన రోడ్డు మీద మనకే నమ్మకం లేదని ఒప్పుకోవడం కదా! పోనీ ఆ గుండెకైనా గ్రీన్ చానల్ ఉంది. ఫిరంగిపురంలో పురుగుమందు తాగిన పత్తి రైతుకి, ప్రసవం అడ్డం తిరిగిన కూలి మనిషికి ఎవరూ చానల్ పెట్టరు. వాళ్ళ గ్రీన్ చానల్ మనమే, ముందున్న బండ్లవాళ్ళం.

సరే, చట్టం చెప్పనిది మా బాబాయి చెప్పాడు. ఆ రోజు ఇంటికెళ్ళాక కాఫీ తాగుతూ ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నా. ఇవి నా అభిప్రాయాలే, తప్పులుంటే చెప్పండి.

1. ముందు అద్దంలో చూడండి. సైరన్ వినగానే బ్రేకు తొక్కడం కాదు, అది ఎటు నుంచి వస్తుందో తెలుసుకోవడం మొదటి పని. ఎదురుగా వస్తుండొచ్చు, పక్క రోడ్లోంచి రావచ్చు.

2. రెండు వైపులా బళ్ళు పోయే మామూలు రోడ్డయితే, ఉదాహరణకి మా నరసరావుపేట రోడ్డు, ఎడమకే. ఎందుకంటే మన దేశంలో దాటేది కుడి నుంచి. అంబులెన్సు పైలట్ అదే ఆశిస్తాడు. ఇండికేటర్ వేసి, నెమ్మదించి, ఎడమ అంచుకి వెళ్ళండి. ఇండికేటర్ మీ వెనకున్నవాడికే కాదు, ఆ పైలట్‌కి "నిన్ను చూశాను, ఇటు పోతున్నా" అని చెప్పే మాట.

3. డివైడర్ ఉన్న పెద్ద రోడ్డు మీద కుడి వరసలో ఉన్నారనుకోండి. ఎడమ వరసలో ఖాళీ ఉంటే ఎడమకి మారండి. ట్రాఫిక్ నిండుగా ఉండి మారలేకపోతే డివైడర్ వైపు ఆనుకోండి, ఎడమ వరసవాళ్ళు ఎడమకి జరుగుతారు, మధ్యలో సందు వస్తుంది. జర్మనీవాళ్ళ పద్ధతిని అద్దంలో చూసినట్టు. చివరి క్షణంలో అంబులెన్సు ముందు నుంచి అడ్డంగా మాత్రం దాటొద్దు.

4. ఎదురుగా అంబులెన్సు వస్తుంటే "నా వైపు కాదుగా" అనుకోకండి. అది మీ వైపుకొచ్చి ఎవరినో దాటాల్సి రావచ్చు. నెమ్మదించి మీ అంచుకి పొండి.

5. సిగ్నల్ దగ్గర ముందు వరసలో ఉంటే, చలానా వస్తుందన్న భయం అందరికీ ఉంటుంది. పరిగెత్తి కూడలి మధ్యలోకి దూకొద్దు. అడ్డం వచ్చే బండ్లని చూసుకుని నాలుగడుగులు ముందుకి, ఎడమకి జరిగినా చాలాసార్లు దారి వచ్చేస్తుంది. పోలీసు ఉంటే ఆయన చెప్పినట్టు చెయ్యండి.

6. అంబులెన్సుతో పోటీగా స్పీడు పెంచకండి. మీరు పక్కకి జరిగితే అయిదు సెకన్లలో పోతుంది. ముందు పరిగెడితే కిలోమీటరు పొడుగునా మీ వెనకే ఉంటుంది.

7. తోక పట్టుకోవద్దు. ఒక అంబులెన్సు వెనక ఇంకోటి కూడా ఉండొచ్చు. పక్కకి జరిగాక మళ్ళీ అద్దం చూసి బయల్దేరండి.

8. "లోపల ఎవరూ లేరు" అనొద్దు. ఇది మా బాబాయి మాట. వెళ్ళేటప్పుడు ఖాళీగా వెళ్తేనే వచ్చేటప్పుడు మనిషిని తెస్తుంది.

"సొంత పనికి సైరన్ వేసుకుని పోయేవాళ్ళు లేరా?" అని మీరడగొచ్చు. ఉండొచ్చు. అలాంటివాణ్ణి పట్టుకునే పని పోలీసులది. రోడ్డు మీద అద్దంలో చూసి ఎవరు నిజం, ఎవరు దొంగ అని తేల్చే శక్తి మనకి లేదు. వందలో ఒకడు మోసగాడైతే వాడికి దారిచ్చినందువల్ల మనకి పోయేది పది సెకన్లు. మిగతా తొంభై తొమ్మిది మందికి ఇవ్వకపోతే పోయేదేంటో లెక్క కట్టుకోండి.

ఇంకో మాట. ఇదంతా కార్లున్న మనలాంటివాళ్ళు చదివితే సరిపోదు. మిర్చి సీజన్లో యార్డుకొచ్చే లారీ డ్రైవర్లకి, స్టాండులో ఆటోవాళ్ళకి, ట్రాక్టరు తోలే రైతులకి చేరాలి. యార్డు గేటు దగ్గర ఒక బోర్డు, "సైరన్ వింటే ఎడమకి" అని పెద్దక్షరాల్లో. టిక్కీ మీద రేటు రాసినంత స్పష్టంగా. ఎల్ఎల్ఆర్ పరీక్షలో "ఎవరికి" పక్కన "ఎలా" అని ఇంకో ప్రశ్న. మనలో ఎవరికైనా రవాణా శాఖలో తెలిసినవాళ్ళుంటే చెప్పి చూడండి, ఖర్చు లేని పని.

మా బాబాయి ఇప్పుడు లేడు. ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది కూడా 108లోనే, అదే రోడ్డు మీద. లోపల ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుని, ముందద్దంలోంచి రోడ్డు వంక చూస్తూనే ఉన్నా. ఒక టిక్కీల లారీ ఇండికేటర్ వేసి ఎడమకి జరిగింది. దాని వెనక ఆటో కూడా జరిగింది. మాకు దారి దొరికింది. ఆ లారీ డ్రైవరెవరో, అతనికి ఎవరు నేర్పారో నాకు తెలీదు. బతికున్నంతకాలం గుర్తుపెట్టుకుంటా.